ఏడ్చినోళ్ళకే చెనక్కాయలు

మా వీధి మొదట్లో, కరెంటు స్తంభానికీ టీకొట్టు రేకుకూ మధ్య ఆమె ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు ఫొటో. నున్నటి గుండు. వెనకాల ఏడుకొండలు, పైన మబ్బులు, కింద పసుపు అక్షరాలతో ‘గోవిందుని పాదాల చెంతకు చేరిన మా మేడం గారికి కన్నీటి నివాళి’. ఫ్లెక్సీ అంగడివాడు తన పనితనం చూపించుకోకుండా ఉండలేక నుదుటిన నామం కూడా దిద్దాడు. నేను కూరగాయల సంచీతో అక్కడే నిలబడి నవ్వాను. గట్టిగానే నవ్వాను. టీ తాగుతున్న వాళ్ళు, పాపం దుఃఖానికి మతి చలించింది అనుకుని ఉంటారు.

తిరుపతిలో ఉద్యోగం చేసి, తిరుపతిలో రిటైరై, తిరుపతిలోనే పోయిన ఈ మనిషి ఒక్కసారి కూడా కొండ ఎక్కలేదు. ఎందుకు పోరని అడిగితే, “పొద్దునా సాయంత్రం కొండే నన్ను సూస్తా ఉండాది. మళ్ళా నేను పోయి సూసేదేముండాది మే?” అనేది.

ఆమె గురించి మంచి రాయమంటే నాకు చేతకాదు. చెడ్డ రాయమంటే ఈ పత్రిక చాలదు. ఆడపిల్లల బడిలో ఫిజిక్సు చెప్పేది. బడి మానేశాక కూడా మార్కులు వెయ్యడం మానలేదు. మా అత్త తమ్ముడు పోయినప్పుడు మా ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, ఏడుస్తున్న ఒక్కొక్కరి ముఖం పరీక్ష పేపరు చూసినట్టు చూసింది. పోతూ పోతూ మా అత్త దగ్గర ఆగి, “నీకు ముప్పై అయిదు. పాసు,” అంది. మా అత్త ఆ ముప్పై అయిదును చచ్చేదాకా మరిచిపోలేదు.

మా ఎదురిల్లే ఆమెది. ఇనుప బీరువాలో ఒక అర నిండా సీడీలు. అన్నీ బొమ్మల సినిమాలే. అన్నింటిలోనూ ఒకటే కథ: ఒక ఊరు, ఒక మామూలు పొద్దు, ఉన్నట్టుండి తెల్లటి వెలుగు. అణుబాంబు మీద ఇన్ని బొమ్మల సినిమాలు తీశారని నాకు ఆమె వల్లే తెలిసింది. మిగతా ఆడవాళ్ళు రిటైరయ్యాక విష్ణు సహస్రనామం పట్టుకుంటారు. ఈమె వీటిని పట్టుకుంది.

“బొమ్మ చచ్చిపోతే ఏడ్చేదేంది మేడం?” అన్నాను ఒకసారి. “మనిషి చచ్చిపోతే ఏడుద్దాం.”

“సినిమాలో మనిషి యాడ చచ్చిపోతాడు మే? ఆ యాక్టరమ్మ సాయంత్రానికి ఇంటికి పోయి, మొకం కడుక్కోని రసమన్నం తింటాది. లోపల నీకా సంగతి తెలుసు. అందుకే సగం ఏడ్సి ఆపేస్తావు. బొమ్మకు ఇల్లు యాడుండాది? దానికుండేదే ఆ సినిమా. ఆడ చచ్చిందంటే చచ్చిందే.”

“గీసినోడు రబ్బరుతో చెరిపి మళ్ళా గీస్తాడు.”

“వాడు కూర్చోని గీసిందే ఆ సావును! నగరిలో మా నాయన చీర నేసేదానికి మొగ్గం మీద కూర్చుంటే పోగు పోగుకూ చెయ్యి పడాల. ఇదీ అంతే. ఒక పిల్ల తలలో వెంట్రుక రాలేదానికి ఎన్ని బొమ్మలు గీసినాడో! రాలినప్పుడల్లా వాడు సూడాల్సిందే. అంత ఓపిగ్గా నీ యాక్టరు ఏడుస్తాడా?”

ఓడిపోయానని ఒప్పుకునే బుద్ధి నాకు లేదు కాబట్టి, “మీరు రిటైరైనా మీ పాఠం రిటైరు కాదే!” అని లేచి వచ్చేశాను.

ఒక ఎండాకాలం, మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక, వీధి చివర కల్యాణమండపం ఖాళీగా ఉంది. పిల్లలకు బొమ్మల సినిమా చూపిస్తాను, పంపించండి అని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. బొమ్మల సినిమా అంటే పిల్లలదే కదా! తల్లులందరూ తలలు దువ్వి, పౌడరు పూసి పంపించి, హాయిగా పడుకున్నారు. నా కూతురు అప్పుడు మూడో క్లాసు. ఆమె మీద నాకు నమ్మకం లేదు కాబట్టి నేను కూడా పోయి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను.

తెర పక్కన కుర్చీ వేసుకుని, తెరకు వీపు చూపిస్తూ, పిల్లల వైపు తిరిగి కూర్చుంది ఆమె. సినిమా చూడదు. చూసేవాళ్ళను చూస్తుంది.

కొండ కింద ఒక చిన్న ఊరు. ఒక తల్లి, ఒక కూతురు. రోజూ పొద్దున్నే మెట్టు మీద కూర్చుని తల్లి కూతురికి తల దువ్వుతుంది. చిక్కు తగిలినప్పుడల్లా ఆ పిల్ల కుయ్యోమంటుంది, తల్లి నెత్తిన ఒకటి మొడుతుంది. మన ఇళ్ళలో మాదిరే. పిల్లలు బాగా నవ్వారు. తర్వాత తెల్ల వెలుగు. చప్పుడు లేదు. ఇల్లు నిలిచే ఉంది, తల్లీ కూతుళ్ళు బతికే ఉన్నారు. హమ్మయ్య అనుకున్నాం. ఒక పొద్దున తల్లి మళ్ళీ దువ్వెన పట్టుకుంది. మొదటి దువ్వుకే జుట్టంతా దువ్వెనతో పాటు వచ్చేసింది. తల్లి గుప్పెడు జుట్టును కూతురికి కనపడకుండా చీకటి మూలకు తోసి, ఖాళీ తల మీద దువ్వెన ఆడిస్తూనే ఉంది. పిల్ల ముందుకు చూస్తూ సంతోషంగా అంది: “అమ్మా, ఈరోజు చిక్కు లేదే!”

ఆ తర్వాతి బొమ్మలో ఊరి జనమంతా నీళ్ళ కోసం వరసలో నిలబడ్డారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, అందరూ గుండ్లే. నీరసంగా, ఒకరి వెనక ఒకరు, కదలని క్యూ.

తిరుపతి పిల్లలు. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న దృశ్యం. ఎవడో ఒకడు లేచి చేతులెత్తి “గోవిందా!” అన్నాడు. మండపం మండపమంతా “గోవింద!” అంది. ఇంక నవ్వులే నవ్వులు.

ఆమె సినిమా ఆపి లైట్లు వేసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“గోవిందా అన్నోళ్ళంతా నిలబడండి.” నిలబడ్డారు. “మీ తలలో ఒక్క వెంట్రుక పట్టుకోండి. పీకండి.”

పీకారు. ఉస్సు ఉస్సుమన్నారు.

“నొప్పేసిందా? నొప్పేస్తే బతికుండారని. ఆ పాపకు నొప్పెయ్యలేదు. ఎందుకో ఇంటికి పోయి మీ అమ్మల్ని అడగండి.”

మళ్ళీ లైట్లు ఆర్పి చివరిదాకా చూపించింది. వాకిట్లో బేసిన్ నిండా ఉడకబెట్టిన చెనక్కాయలు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరి గడ్డం పట్టి పైకెత్తి, కళ్ళు తడిగా ఉంటేనే పిడికెడు పెట్టింది. పొడి కళ్ళకు ఏమీ లేదు. వెనక వరసలో వాళ్ళు ఎంగిలి తీసి కళ్ళ కింద పూసుకుని వచ్చారు. “ఇది నోట్లో నీళ్ళు. పో!” అని తోసేసింది. నా కూతురి ముఖం చూడగానే మాత్రం రెండు చేతులతో తీసి గౌను నిండా పోసింది. అది గౌను వదిలేసి నా కాళ్ళు పట్టుకుంది. కాయలన్నీ నేల పాలు.

మర్నాటి నుంచి నా కూతురు తల దువ్వనివ్వలేదు. దువ్వెన చూస్తే చాలు, మంచం కిందికి దూరేది. బతిమాలాను, కొట్టాను, కొబ్బరినూనె ఆశ పెట్టాను. నూనె ఆశ పెట్టడం ఏమిటో, నాకూ మతి లేదు. వారం తిరిగేసరికి దాని తల పిచ్చుక గూడు. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఎదురింటికి పోయి, “నా బిడ్డ దువ్వెన సూస్తే వణకతా ఉండాది. మీకు సంతోషమేనా?” అని అడిగాను.

“సంతోషమే,” అంది కుర్చీలోంచి లేవకుండా. “ఒక్కరికన్నా సినిమా అర్థమైంది.”

దిష్టి తగిలింది, తలనీలాలు మొక్కుకో అంది మా అత్త. మా ఊళ్ళో జ్వరం వస్తే మొక్కు, పోతే మొక్కు. తలే ఖాళీ అయితే ఇంక దువ్వెనతో పనేముంది? తిరుపతి వాళ్ళకు తప్ప ఎవరికీ తట్టని వైద్యం. కొండకు తీసుకుపోయాం. తల తడిపి కూర్చోబెట్టారు. మొదటి పాయ వచ్చి దాని ఒళ్ళో పడింది. అది ఏడవలేదు. ఒళ్ళోకి చూసింది. తలెత్తి చుట్టూ చూసింది. హాలు నిండా గుండ్లు. బయట వరసలో గుండ్లు. చాలా నెమ్మదిగా నన్ను అడిగింది.

“మా, తెల్ల వెలుగు ఎప్పుడొచ్చింది? నేను నిద్రపోతా ఉంటినా?”

మంగలి మంచివాడు. పిల్ల భయపడిందని, “ఏం లేదు పాపా, కొంచెం కూడా నొప్పెయ్యదు,” అన్నాడు.

నొప్పెయ్యదు అన్నాక అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నలుగురం పట్టుకుంటే గానీ పని కాలేదు. మా అత్త చేతులు జోడించి, “పీడ పోతా ఉండాది,” అంది.

గుండుతో దిగి వచ్చిన నా కూతుర్ని మేడం తన గేటు పట్టుకుని చూసింది. నా వైపు తిరిగింది.

“సినిమా సూపించింది నేను. కత్తి పెట్టించింది నువ్వు. పోగు చిక్కు పడితే కూర్చోని విప్పుతారు గానీ మొగ్గమే కోసేస్తారా మే?”

“విప్పేది ఎంత కష్టమో కన్నోళ్ళకు తెలుస్తాది. మీకెట్ల తెలుస్తాది?”

“పోడీ,” అంది. నగరి వాళ్ళు కదా, తిట్టాలంటే అరవం వచ్చేస్తుంది. “కన్లేదు కాబట్టే సూపించినాను. కన్నోళ్ళు ఎవురైనా సూపిస్తారా?”

తప్పు నాదేనని ఆమె అంది. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. బిడ్డను బెదిరించింది ఎవరు? బువ్వ తినని పిల్లలకు మనమూ బూచోణ్ణి చూపిస్తాం. కానీ చేతిలో బువ్వ పట్టుకుని చూపిస్తాం. ఈమె బూచోణ్ణి చూపించి, ఏడుపుకు బువ్వ పెట్టింది. అది చదువా?

అప్పటి నుంచి మాకు మాటల్లేవు. మాటల్లేకపోవడం అంటే మా వీధిలో నోరు మూసుకోవడం కాదు. గోడకు చెప్పడం. ఆమె తన గోడకు చెప్పేది, నేను నా గోడకు చెప్పేదాన్ని. కరెంటు మాదిరి రెండు ఇళ్ళకూ సరఫరా అయ్యేది. నా కూతురు జుట్టు పెరగనివ్వలేదు. మగపిల్లల క్రాపు. వేళ్ళతో సర్దుకునేది. ఇంటికి వచ్చిన చుట్టాలు, “ఇదేంది, దీని తల ఇట్ల?” అంటే, నేను ఎదురిల్లు వినేటట్టు, “ఈ పాపం ఎవరిదో దేవుడికి తెలుసు,” అనేదాన్ని. ఎదుటి గోడ, “దేవుడికి ఇంకేం పన్లేదు పాపం,” అనేది.

పోయిన ఏడాది ఆమె వేలూరు ఆసుపత్రికి తిరగడం మొదలుపెట్టింది. పాకాల మీదుగా రైల్లో పోయేది, సంచీ పట్టుకుని ఒక్కతే. ఒకనాడు గుండుతో దిగింది.

ఇంక చూడండి మా వీధి భక్తి. పాలవాడు, “ఎప్పుడు పోయినారు మేడం, సెప్పనే లేదే? దర్శనం బాగా అయ్యిందా?” అన్నాడు. “మందులకు రాలిపొయ్యింది అబ్బా,” అంది ఆమె. “ఓ, మొక్కుకోనుంటారు. స్వామి మేలు సేస్తాడు,” అన్నాడు. ఇస్త్రీ ఆమె అడిగింది, మందుల అంగడాయన అడిగాడు. రోగమని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ చెవుల్లోకి పోయేసరికి మొక్కు అయిపోయేది. గుండు అంటే ఈ ఊళ్ళో ఒకటే అర్థం. చివరికి చెప్పడం మానేసింది.

“బాగా అయ్యింది. ఇంక కొన్నాళ్ళకు ఇంకా దగ్గర్నుంచి సూస్తా,” అనేది.

“మరి లడ్డు ఏది మేడం?”

“నోరంతా పుండ్లబ్బా. నేనే తిన్లేదు.”

వాళ్ళు నవ్వేవాళ్ళు. మేడంకు ఎప్పుడూ ఎగతాళే అనేవాళ్ళు. బతుకంతా జనానికి బొమ్మ చూపించి అసలు గుర్తుపట్టండిరా అని గొంతు చించుకున్న మనిషి. అసలు తానే అయి వీధిలో నిలబడితే ఒక్కడూ గుర్తుపట్టలేదు. నాకు జాలి వేసిందా అంటే, వెయ్యలేదు. న్యాయమే అనిపించింది.

నా కూతురు చిత్తూరులో ఉద్యోగం. ఆ ఆదివారం ఇంటికి వచ్చింది. కూరగాయల బండి దగ్గర నేను, అది, ఎదురుగా ఆమె. బండివాడు అప్పుడే దర్శనం సంగతి అడిగి, సంతోషపడి, ఒక కట్ట కొత్తిమీర కొసరు వేశాడు. ఆమె నా కూతురి వైపు తిరిగింది. ఇన్నేళ్ళ తర్వాత దానితో మాట్లాడిన మొదటి మాట.

“నువ్వడగవేమే, దర్శనం ఎట్లయ్యిందని?”

నా కూతురు ఆ తల వైపు చూసింది. తొందర లేకుండా, చాలాసేపు.

“ఈరోజు చిక్కు లేదే, మేడం?” అంది.

ఆమె చెయ్యి పైకి లేచి, లేని ముడిని వెతుక్కుంటూ మెడ వెనక్కి పోయింది. అక్కడే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి అని రాస్తే అబద్ధం. కారాయి. ముక్కు పక్కనుంచి గడ్డం మీదికి, కొత్తిమీర మీదికి. ఎప్పుడూ ఎవరి కళ్ళో చూసి మార్కులు వేసిన మనిషి, తన కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బండి మీది వంకాయలను చూస్తూ నిలబడింది. తర్వాత ఏమీ కొనకుండానే ఇంటికి పోయింది.

“చావుకు సిద్ధంగా ఉండే మనిషిని అంత మాట అంటావా?” అని ఇంట్లో అడిగాను.

“వీధంతా ఆయమ్మను భక్తురాలిని చేసి పెట్టినారు. నాకు కనిపించింది నేను చెప్పినాను.”

“అది దయనా, పగనా?”

“రెండూ,” అంది.

సాయంత్రం అంగడికి పోయి పచ్చి చెనక్కాయలు తెచ్చింది. ఉప్పు ఎక్కువే వేసి ఉడకబెట్టింది. గిన్నె పట్టుకుని వీధి దాటి, ఆమె చేతికే ఇచ్చి, “ఏడ్చినారు కదా మేడం,” అని చెప్పి తిరిగి వచ్చేసింది. నేను మిద్దె మీద నుంచి చూస్తున్నాను. ఆమె గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క కాయ వొలిచింది. నోటి పుండ్లకు ఉప్పు తగిలినప్పుడల్లా ఉస్సుమని తల విదిలించింది. అయినా ఆపలేదు. గిన్నె ఖాళీ అయ్యాక తన గోడకు గట్టిగా చెప్పింది.

“ఇన్నేళ్ళకు ఒక్కదానికే వచ్చినాయి. నూటికి నూరు.”

నేను మిద్దె దిగి వచ్చేశాను.

పోయిన వారం ఆమె పోయింది. నేను ఏడవలేదు. ఆమె ఉండి ఉంటే నాకు ఒక్క కాయ కూడా దక్కేది కాదు. పాడె మోసింది మా వీధి పిల్లలే, ఆనాడు మండపంలో నిలబడి వెంట్రుక పీక్కున్న వాళ్ళే. ఇప్పుడు గడ్డాలు వచ్చిన మగవాళ్ళు. మోస్తూ దారి పొడుగునా గోవిందా అన్నారు. ఆ ఫ్లెక్సీ కట్టించింది కూడా వాళ్ళే. టీకొట్టు దగ్గర పట్టుకుని అడిగాను.

“ఏమప్పా, ఆ నామం ఎందుకు పెట్టించినారు?”

“గుండుండాది కదక్కా. నామం లేకుంటే బోసిగా ఉండాదని.”

“ఆయమ్మ కొండకే పోలేదురా.”

“పోకుండా గుండెట్ల వస్తాదక్కా?”

“మీకు సినిమా చూపించలా? కల్యాణమండపంలో?”

ముఖాలు చూసుకున్నారు. ఏ సినిమా అన్నాడొకడు. ఇంకొకడికి వెలిగింది. “ఆ! గుండు బొమ్మ! గోవిందా అని అరిస్తిమే! భలే నవ్వినాం కదక్కా ఆ పొద్దు!” మిగతావాళ్ళకూ గుర్తొచ్చింది. ఫ్లెక్సీ కిందే నిలబడి, ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ మళ్ళీ నవ్వారు. దండ మాత్రం పెద్దదే వేశారు. చెడ్డవాళ్ళు కాదు. ఎంత మంచివాళ్ళంటే, వాళ్ళతో వాదించడానికి నాకే చేతకాలేదు.

సాయంత్రం బస్సుకు నా కూతురు వచ్చింది. ఫ్లెక్సీ చూసే వచ్చి ఉంటుంది. ఏడాదిగా అది జుట్టు కత్తిరించడం లేదు. భుజాల దాకా వచ్చింది. వేళ్ళతో ఎంత సర్దుకున్నా, బస్సు గాలికి పీచు మాదిరి ఉండలు కట్టింది. లోపలికి పోయి నా దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టి, వాకిలి మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది.

“దువ్వు మా.”

మూడో క్లాసు తర్వాత మళ్ళీ ఇప్పుడే. ఎదురింటికి తాళం వేసి ఉంది. నేను ఒక పాయ తీసి పై నుంచి దువ్వాను. సగంలో దువ్వెన చిక్కుకుంది. దాని భుజాలు బిగుసుకున్నాయి.

“నొప్పి మా!”

“చిక్కుండాది. నొప్పెయ్యకుండా ఎట్లుంటాది?” అన్నాను.

గట్టిగానే లాగాను.